మా ఇంట్లో దాని పేరు బలం మాత్ర

ప్రూఫు కాగితం మీద ఒక అక్షరానికి దీర్ఘం పెట్టబోతే పెన్ను పక్క అక్షరం మీదికి పోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పోయింది. చాలా ఏళ్లు దినపత్రిక డెస్కులో పనిచేసి, ఇప్పుడు బాచుపల్లిలో ఇంటి దగ్గరే పుస్తకాల ప్రూఫులు దిద్దుకుంటున్నదాన్ని. చెయ్యి అలా మొరాయించడం అదే మొదటిసారి. ఎండలు ముదిరాయి, పైగా మోకాలి నొప్పితో నిద్ర సరిగా లేదు, అందువల్లే అనుకున్నాను.

ఆ మోకాలికి అంతకు వారం ముందే మా అపార్ట్‌మెంటు గేటు పక్కనున్న క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరు ఓపికైన మనిషి. మోకాలు వంచి చూసి, "వేరే మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగారు. ఆయన గదికీ, బయట కూర్చునే చోటికీ మధ్య ఒక కర్టెన్ మాత్రమే ఉంటుంది. దాని అవతల మా చర్చికి వచ్చే ఆవిడ కూర్చుని ఉంది.

"బలం మాత్రలు, అంతేనండి" అన్నాను. ఆయన పెయిన్ కిల్లర్ రాశారు.

ఆ మాట ఎక్కడిదో చెప్పాలి. మా అమ్మాయి గ్రేస్ పుట్టిన కొన్నాళ్లకు నాకు నిద్ర పట్టడం మానేసింది. తెల్లవార్లూ మాట్లాడేదాన్ని. ఎవరూ పిలవని ఊళ్లకు బయల్దేరేదాన్ని. తర్వాత కొన్ని నెలలు మంచం దిగలేదు. సైకియాట్రిస్టు బైపోలార్ డిజార్డర్ అని చెప్పి లిథియం మొదలుపెట్టారు. ఆ మాత్ర నాకు బాగా కుదిరింది. ఇంటికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే మా ఆయన డేనియల్, "కాన్పు తర్వాత నీరసమండి, బలానికి రాశారు" అన్నారు. నన్ను కాపాడుకోవడానికే అన్నారు. ఆ పేరు ఇంట్లో అలాగే ఉండిపోయింది. గ్రేస్ స్కూల్లో ఉండగా ఒకసారి, "మమ్మీ, రేపు రన్నింగ్ రేస్. నాకూ ఒక బలం మాత్ర ఇవ్వవా?" అని అడిగింది. నేనూ డేనియలూ నవ్వుకున్నాం. కాలేజీకి వెళ్లాకైనా తనకు చెప్పి ఉండాల్సింది.

"కొన్ని రకాల పెయిన్ కిల్లర్లు వేసుకుంటే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఎవరు రాసినా ముందు నాకు చెప్పండి" అని సైకియాట్రిస్టు మొదట్లోనే అన్నారు. క్లినిక్‌లో కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. నాలుగు రోజులకు ఏమవుతుందిలే అనుకున్నాను.

వణుకు ఎక్కువైంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ క్లినిక్‌కు వెళితే డాక్టరు, "ఎండదెబ్బ, దానికి తోడు కడుపు పాడైంది. ఓఆర్ఎస్ తాగండి. తగ్గకపోతే వెంటనే రండి" అన్నారు. ఆయనకు తెలిసినదాన్ని బట్టి అది సరైన నిర్ణయమే. తెలియాల్సింది నా దగ్గర ఉండిపోయింది.

మర్నాడు నాకు మాట ముద్దగా వచ్చింది. గోడ పట్టుకుంటే తప్ప అడుగు పడలేదు. డేనియల్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నారు. ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తున్న గ్రేస్ క్యాబ్ పిలిచి, హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లింది. క్యాజువాలిటీలో జరిగింది నాకు ముక్కలుగానే గుర్తుంది. మిగతాది తర్వాత గ్రేస్ చెప్పింది.

అక్కడి సిస్టర్ విజయ అంతకుముందు సైకియాట్రీ వార్డులో పనిచేశారట. నా చేతులు చాపించి, వణుకు చూసి గ్రేస్‌ను అడిగారు.

"అమ్మ ఏం మందులు ఏసుకుంటది?"

"మోకాలి నొప్పికి ఒకటి. ఇంకా బలం మాత్రలు."

"అవి ఎప్పటిసంది?"

"నా చిన్నప్పటి నుంచి."

"గిన్నేండ్లు బలానికి ఎవరు ఏసుకుంటరమ్మా? గట్లయితే మీ అమ్మ ఈపాటికి పహిల్వాన్ అయితుండె. జర నాన్నకు ఫోన్ జెయ్."

గ్రేస్ స్పీకర్ పెట్టింది. "డాడీ, మమ్మీని ఆసుపత్రికి తెచ్చాను. సిస్టర్ అడుగుతున్నారు, మమ్మీ వేసుకునే బలం మాత్ర పేరేంటి?"

అవతల మెషీన్ల చప్పుడు. "సిస్టర్ గారికి ఫోన్ ఇవ్వమ్మా."

"స్పీకర్‌లోనే ఉంది. చెప్పండి" అంది గ్రేస్.

"లిథియం అండి" అన్నారు డేనియల్.

"ఇగ చాలు సార్, మీరు జల్ది రార్రి" అని సిస్టర్ డ్యూటీ డాక్టరు వైపు తిరిగి, వెంటనే రక్తం తీసి సీరమ్ లిథియం పరీక్షకు పంపుదామన్నారు. గ్రేస్ ఆ పేరును ఫోన్‌లో వెతుక్కుంది. తల్లి జబ్బేమిటో తనకు అలా తెలిసింది, క్యాజువాలిటీ గోడకు ఆనుకుని నిలబడి.

లిథియం ప్రమాదకరంగా పెరిగింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా. డయాలసిస్ చేశారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగితే మళ్లీ చేశారు. మాట తేటపడింది. నడక పూర్తిగా కుదురుకోలేదు. డిశ్చార్జికి ముందు సైకియాట్రిస్టు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదమ్మా. లిథియం ఇక ఇవ్వలేను."

"తక్కువ డోసైనా?"

"ఆ రిస్క్ తీసుకోలేను."

వేరే మందు పెట్టారు. అది అంతగా కుదరలేదు. వానాకాలం చాలావరకు మంచం మీదే గడిచింది. డోసు మార్చారు, ఇంకొకటి కలిపారు. ఇప్పుడు రోజులు నడుస్తున్నాయి. ప్రూఫులు కంప్యూటర్‌లో కొద్దికొద్దిగా దిద్దుతాను. కానీ లిథియం ఉన్నన్నాళ్లు నాకొక జబ్బుందన్న సంగతే మరిచిపోయి బతికాను. అలాంటి రోజులు మళ్లీ రాలేదు.

ఒక సాయంత్రం గ్రేస్ కోకాపేటలోని ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఆ రేసులో నేను లాస్ట్ వచ్చాను, గుర్తుందా? మాత్ర ఇవ్వలేదని నీ మీద అలిగాను" అంది.

"గుర్తుంది."

"సిస్టర్ అడిగితే ఎంత నమ్మకంగా చెప్పాను మమ్మీ, బలం మాత్రలని."



ఇప్పుడు ఆ క్లినిక్‌లో నా మందుల పేర్లు మామూలు గొంతుతోనే చెబుతున్నాను. చర్చి ఆవిడ ఒకసారి విన్నది. తర్వాతి ఆదివారం కాస్త ఎడంగా కూర్చుంది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఇన్నేళ్లు దాచింది దీనికోసమా అనిపించింది.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. మీరు వాడే మాత్రను స్ట్రిప్ మీదున్న పేరుతోనే ఇంట్లో పిలవండి. మీకు మాట రాని రోజున డాక్టరుకు జవాబు చెప్పాల్సింది మీ ఇంట్లోవాళ్లే.