గొలుసు కింది పులిపిరి

మా అమ్మ ఛాయాదేవి మెడ మీద, కుడివైపు, తాళి గొలుసు ఒరుసుకునే చోట ఒక పులిపిరి ఉండేది. సన్నటి కాడకు వేలాడుతూ, శనగబద్దంత, మెత్తగా. చిన్నప్పుడు అమ్మ వీపున వాలి దాన్ని వేలితో అటూ ఇటూ ఆడించేదాన్ని. అమ్మ కండెలకు పట్టుపోగు చుట్టే చేయి ఆపకుండానే, "వదలవే కావ్యా, అదేమన్నా గుండీనా?" అనేది.

మాది బెంగళూరు కబ్బన్‌పేట. నాయన వెంకటగిరియప్ప పట్టుచీరలు నేసేవాడు. ఇల్లంతా మగ్గం చప్పుడే. అది ఆగితే అమ్మ తలెత్తి చూసేది. ఆగిందంటే పోగు తెగిందని అర్థం. నాయన వంగి, తెగిన కొసలు రెండూ పట్టుకుని ముడి వేసేవాడు. ఆయన ముడి కంటికి కనిపించదు, వేలికి తగలదు. మళ్ళీ చప్పుడు మొదలయ్యేది, అమ్మ తల దించుకునేది. వాళ్ళిద్దరూ రోజంతా మాట్లాడుకున్నది చాలావరకు అదే.

వయసుతో పాటు పులిపిరీ కాస్త పెరిగింది. గొలుసు కొక్కెం దానికి తగులుకుని రవిక మెడకు రక్తపు మరకలయ్యేవి. ఒకరోజు నాయన పట్టుపోగు పట్టుకుని వచ్చి అమ్మ వెనక కూర్చున్నాడు.

"గుర్రం వెంట్రుక కడతారు గదే దీనికి. పట్టు దానికన్నా గట్టిది. బిగిస్తే రక్తం ఆడక అదే రాలిపోతాది."

"నా మెడేమన్నా మగ్గమా? పోగు కనపడితే సాలు, ముడేసేస్తావు."

"ఆ పొద్దు మూడు ముళ్ళేస్తే గమ్మునుంటివి. ఇప్పుడొక ముడికి ఇంత మాటా?"

అమ్మ నవ్వి మెడ వంచింది.

నాయన ముడి ఎన్నడూ వదులు కాదు. అదే చిక్కయింది. పులిపిరి నల్లబడి ఉబ్బింది, చుట్టూ చీము పట్టి అమ్మకు జ్వరం వచ్చింది. నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాట్ నుంచి పరుగున వచ్చి, ఇద్దరినీ చర్మ డాక్టర్ సౌమ్య దగ్గరికి తీసుకుపోయాను. నాయన లోపలికి రాలేదు. తప్పు చేసిన పిల్లాడిలా బయట బెంచీ మీదే కూర్చున్నాడు.

డాక్టరు పోగు కత్తిరించి, చీము తుడిచి, మాత్రలు రాసింది. "ఇట్లా కట్టకూడదు అమ్మా. ఇది అసలు పులిపిరి కూడా కాదు. అంటుకోదు, క్యాన్సరూ కాదు. ఏళ్ళ తరబడి గొలుసు రాసుకుంటే తోలు అట్లా పెరుగుతుంది. వాపు తగ్గినాక రండి, తిమ్మిరెక్కించి కరెంటు సూదితో కాల్చేస్తాను. క్షణంలో పని. గొలుసు మాత్రం తీసేసి రావాలి."

అమ్మ తలుపు వైపు చూసింది. "ఆయన బయట కూచోనుండంగానే, గొలుసు తీసేదా?"

ఇంటికొచ్చాక దారి నాయనే చెప్పాడు. "పసుపుతాడు కట్టుకోని పోతే ఏమే? తాడు నేనే పేనుతా." గొలుసు తెగి అతుకుకు ఇచ్చినప్పుడు మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసేది అదే. తాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకున్నాకే గొలుసు తీస్తారు.

"కట్టేది కూడా నువ్వే అయితే సరే," అంది అమ్మ.

నాయన నూలుపోగులు పేని, పసుపునీళ్ళలో నానబెట్టి, కిటికీ చువ్వకు ఆరేశాడు. వరమహాలక్ష్మి పండక్కి ఇవ్వాల్సిన చీర మగ్గం మీద ఉంది. అది నేసి మగ్గం మీంచి కోసినాక పోదామన్నాడు.

ఆ చీర ఆయన కోయలేదు. ఒక మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. అమ్మ తలెత్తి చూసింది. పోగేమీ తెగలేదు.

పదో రోజున మా మేనత్త పుల్లమ్మ అమ్మ మెడలోంచి గొలుసు తీయబోయింది. కొక్కెం పులిపిరికి తగులుకుని రానన్నది. అత్తకు లాగే ధైర్యం లేక, అట్లాగే పట్టుకుని ఏడ్చింది. చివరికి అమ్మే చేయి వెనక్కి పెట్టి విడదీసి ఇచ్చింది. "ఇదో, తీసుకో వదినా."

కొన్ని నెలలు పోయాక, ఆ పనైనా చేయిద్దామని అమ్మను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు వంగి మెడ చూసి, మంచి మనసుతోనే అంది. "ఈసారి గొలుసు లేదు కదా, మంచిదైంది. ఇప్పుడే అయిపోతుంది."

అమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది.

"ఇట్లే వదిలేస్తే ఏమన్నా అవుతాదా తల్లీ?"

"ఏమీ కాదమ్మా. ఒరిపిడి లేదు కాబట్టి ఇంక రక్తం కూడా రాదు. రంగు మారినా, గబగబా పెరిగినా వచ్చి చూపించండి."

"అయితే ఉండనీ."

ఆటోలో అమ్మ నా వైపు తిరిగింది. "ఆ గొలుసు ఒరిసి ఒరిసి అయిందని ఆయమ్మే చెప్పె గదా కావ్యా. గొలుసు తీసేసుకున్యారు. ఇది నాకుండనీ."

సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. అమ్మ వేళ్ళు కొంగు కిందికి పోయి, దాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపాయి.

మొన్న చలికాలం అమ్మ కూడా పోయింది. కిటికీ చువ్వకున్న పసుపుతాడు ఎండకు వెలిసి తెల్లబడింది. దాన్ని అమ్మ ఎవరినీ తీయనివ్వలేదు, ఇప్పుడు తీయడానికి నాకు చేతులు రావడం లేదు. ఆ రోజు అమ్మకు ఆఖరి స్నానం చేయించింది పుల్లమ్మత్తే. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. అత్త చేయి భుజం మీంచి మెడ దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఆడ మెల్లగా," అన్నాను.

అత్త చేయి ఆగింది. నా వైపు చూడకుండా, కొక్కెం తగులుకున్న ఆ చోటు చుట్టూ ఒక్క వేలితో తడుముతూ కడిగింది.