రెండు చీరలకు పసుపు

చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్న బస్సులో, ముందు సీటాయన ఫోన్‌లో టీవీ చర్చ గట్టిగా మోగుతోంది. ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో పెళ్లి చేసుకుంటామంటే కోర్టు ఒప్పుకోవాలా వద్దా అని. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. బయట మామిడితోటలు సన్నటి వానలో కరిగిపోతున్నట్టు వెనక్కి జారుతున్నాయి. నాకు సగం నిద్ర.

పక్కసీటు పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఒళ్లో సంచి తెరిచి రెండు కొత్త చీరలు తీశాడు. రెండూ ఒకే రంగు, ఒకే అంచు. జేబులోని పసుపు పొట్లం విప్పి, నీళ్లసీసా మూతలో కలిపి నావైపు తిరిగాడు.

"అమ్మా, కొత్త బట్టలకు ముత్తైదువ చేత్తో పసుపు పెట్టాల గదా. మా ఇంట్లో ఆమె పెట్టనని కూసునింది. నువ్వు పెడతావా?"

"ఎవరికి పెద్దాయనా ఈ చీరలు?"

"ఒకటి నా బిడ్డకి. ఇంగోటి, నా బిడ్డ కాపురం చేస్తాండే యమ్మికి." ఫోన్ వైపు చూశాడు. "వాళ్లు తేల్చేదాకా నేను బతికుండొద్దా?"

ఇందాకటి నవ్వు ఇంకా నా ముఖం మీదే ఉందేమోనని భయమేసింది. వేలు ముంచి, రెండు చీరలకీ కొంగు మూలల్లో పసుపు పెట్టాను. దూరంగా ఎక్కడో మేళం వింటున్నవాడిలా ఆయన కళ్లు మూసుకున్నాడు.

రాత్రి అన్నం వడ్డిస్తుంటే మా ఆయన నా వేలు చూసి, పసుపేమిటని అడిగాడు.

"పెళ్లికి పోయొచ్చినా," అన్నాను.