తీరిన మొక్కు, తీరిన కేసు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందు ఇది రాయాలని ఉన్నా చేతకాలేదు. ఇంకొకరికి చెప్పి రాయించుకుంటే నా మాటలా ఉండదనిపించేది. ఖరగ్‌పూర్‌లో మమ్మల్ని నిలబెట్టిన ప్లీడరుగారి రుణం ఇలాగైనా చెప్పుకోవాలి.

మావారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు. ఒక ఏడాది ఇత్తడి ముక్కలు పోయాయని ఆయన మీద దొంగతనం కేసు పెట్టారు. స్టోరులోంచి తీశాడని అభియోగం. మిద్నాపూర్ కోర్టులో సాక్షులందరినీ విన్నాక మేజిస్ట్రేటు నిర్దోషి అని వదిలేశారు. ఆయన మళ్ళీ డ్యూటీలో చేరారు. ఆయన బయటపడితే ఎత్తుతానని మొక్కుకున్నట్టే నేను అమ్మవారి మాతా పూజకి తలమీద ఘటం ఎత్తుకుని వీధులు తిరిగాను. దారిలో ఘటం మీది దీపం కొండెక్కింది. పక్కామె వెలిగించింది.

వానలు మొదలవకముందే మళ్ళీ సమన్లు వచ్చాయి. స్టోరు అని పొరపాటున రాశారట, యార్డులో ఆగిన వ్యాగనులోంచి తీశాడట. అదే ఇత్తడి, అదే రోజు, అదే మనిషి. ఈసారి శిక్ష పడితే ఉద్యోగం పోతుంది, దానితో క్వార్టరూ పోతుంది. నాకు ఆ దీపమే గుర్తొచ్చింది. మొక్కు చెల్లలేదు కాబట్టే అమ్మవారు కేసు తిరగదోడిందనుకున్నాను. ఖరిదా బజారులో కొత్త కుండ కొని, అట్నుంచటే సుభాష్‌పల్లిలో ప్లీడరుగారింటికి వెళ్ళాను; మావారూ అత్తగారూ అప్పటికే అక్కడికి వచ్చారు.

వరండాలో అత్తగారు కుండ చూసింది.

“ఇదేటే?”

“మళ్ళీ ఘటం ఎత్తుతానత్తా. దీపం ఆరిపోనాది గదా.”

“నీ బుర్ర ఆరిపోనాది! దారిలోనే ఎలిగించినారు గదా. గుడికాడ పూజారి ఘటం దించుకున్నాడా లేదా? తీరిన మొక్కు మళ్ళీ తీరిస్తే మొదటిది సెల్లనేదని నువ్వే ఒప్పేసుకున్నట్టు. అమ్మోరికి లేని అనుమానం నీకేటి?”

ఆ గోలకి బెంగాలీ ప్లీడరుగారు బయటికొచ్చి, “క్యా హువా, మా?” అన్నారు. మావారు అత్తగారి మాట హిందీలో చెప్పారు. ఆయన పకపకా నవ్వారు.

“మేజిస్ట్రేటు ముందు నేను చెప్పబోయేదీ అదే. అభియోగం తప్పు రాసుకుంటే తీర్పుకు ముందే దిద్దుకోవాలి. అంతా విని నిర్దోషి అన్నాక, అదే పనికి మాట మార్చి మళ్ళీ బోనెక్కించడానికి లేదు. మీ అమ్మని కూడా కోర్టుకి తీసుకురా, దాదా. నాతోపాటు వాదిస్తుంది.”

మావారు అది తెలుగులో చెప్పగానే అత్తగారు, “నల్లకోటు ఇత్తే వత్తానని సెప్పు” అంది.

వాయిదా రోజు అత్తగారూ నేనూ కోర్టు బయట కూర్చున్నాం. లోపల ఏం జరుగుతోందో తెలియదు. చివరికి ప్లీడరుగారు గుమ్మంలోకి వచ్చి, దూరం నుంచే అత్తగారి వైపు చూసి, తలమీంచి ఘటం దించినట్టు రెండు చేతులూ కిందికి తెచ్చి చూపారు. కేసు కొట్టేశారని మాకు అలా తెలిసింది. ఊరు కాని ఊళ్ళో, మా భాష రాని మనిషి, మాకు అర్థమయ్యేలా తీర్పు చెప్పాడు. అత్తగారు ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

మర్నాడు ఉదయం కొత్త కుండ కడిగి, వంటింట్లో ఇసుక మీద నిలబెట్టి, మంచినీళ్ళు నింపాను. వర్క్‌షాపు సైరన్ మోగేలోగా కేరేజీ కట్టి, కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచి ఇచ్చి, ఆయన్ని డ్యూటీకి పంపాను.