ఎదుటి కుర్చీ

ఆ పిల్ల యూనివర్సిటీకి వచ్చేనాటికి చెట్ల ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. స్నేహాలు మాత్రం అప్పటికే కుదిరిపోయాయి. తరగతులు మొదలైన కొన్ని వారాలకు, ఎవరో వదులుకున్న సీటు ఆమెకు దక్కింది. హాజరు పిలిచేటప్పుడు అందరి తర్వాత ఆమె పేరు పిలిచేవారు. దాంతో రెండో రోజుకల్లా "ఆఖరమ్మ" అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పిలుపులో కోపమూ లేదు, ప్రేమా లేదు. తలుపు పక్క బెంచీ మీద కూర్చునేది కాబట్టి, చలిగాలి కొట్టినప్పుడల్లా "ఆఖరమ్మా, కాస్త ఆ తలుపెయ్యి తల్లీ" అనేవాళ్ళు. లేచి వేసి వచ్చేది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆమెతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే అయిన రోజులు చాలా ఉన్నాయి.

హాస్టల్లోనూ అదే వరస. గదులన్నీ నిండిపోయి ఉంటే, పై అంతస్తు చివరనున్న ఇస్త్రీ గదిని ఖాళీ చేయించి అందులో ఒక మంచం వేశారు. బల్ల పాతదే ఉంచేశారు. దాని మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లగా కాలిన మచ్చ ఉంది. ఆమె పుస్తకాలు ఆ మచ్చ మీదే పెట్టుకునేది. గది మార్చిన సంగతి తెలియని అమ్మాయిలు ఇంకా బట్టలు చేతిలో పట్టుకుని తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు. మంచం మీద మనిషిని చూసి "అయ్యో, ఇస్త్రీ గది ఇది కాదా!" అని నాలుక కరుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ గదికి వచ్చే చుట్టాలు వాళ్ళే. తలుపు చప్పుడైన ప్రతిసారీ ఆమె లేచి జుట్టు సర్దుకునేది.

ఆమెను పెంచింది పిన్ని. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. సాయంత్రం పని దిగగానే ఫోను చేసేది.

"తిన్నావా?"

"తిన్నాను పిన్నీ."

"ఎవరితో?"

"ఉన్నారులే."

"ఉన్నారులే అంటే? వాళ్ళకు పేర్లుండవూ?"

"పిన్నీ, నెట్‌వర్క్ సరిగా లేదు."

"నా మాట నీకు బానే వినపడుతోందిగా, నీ మాటకేం రోగం?" అని నవ్వేది పిన్ని. తర్వాత రోజూ చెప్పే మాటే చెప్పేది. "మూడేళ్ళే కదే. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయి. నీకు ఉద్యోగం వస్తే ఇద్దరం ఒకచోట ఉందాం. ఈ ఇంట్లో ఒక్కదాన్నే గోడలతో మాట్లాడలేక చస్తున్నాను."

ఆకులు పసుపుపచ్చగా తిరిగాక చెట్ల కొలత దగ్గరపడింది. క్యాంపస్ వెనకాల తోటలో వరసలు వరసలుగా చెట్లున్నాయి. ఆకు రాలి కొమ్మలు కనబడే రోజుల్లోనే వాటి చుట్టుకొలతా ఎత్తూ తీయాలి. ఆ పని ఒక్కరి వల్ల కాదు. మాను చుట్టూ టేపు తిప్పేటప్పుడు ఒకరు మొదటి కొస పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు చుట్టి రావాలి. ఎత్తు చూసేటప్పుడు ఒకరు మొదలు దగ్గర గడ పట్టుకోవాలి, ఇంకొకరు దూరం నుంచి చూడాలి. అందుకే జతలు. జత లేనివాళ్ళు ఆ ప్రాక్టికల్‌ని వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి చేసుకోవాల్సిందే. అంటే చదువు ఒక ఏడాది వెనక్కి పోతుంది.

"మేడమ్, మా జతలు మీరే వేయొచ్చుగా?" అని ఎవరో అడిగితే, చెట్ల మేడమ్ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "పొద్దున్నే మంచులో ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సింది మీరు. తర్వాత నన్ను తిట్టుకోవడానికా? మీరే చూసుకోండి. శుక్రవారం సాయంత్రం గంట కొట్టేలోగా చెప్పాలి."

మిగతావాళ్ళకు ఎప్పుడో కుదిరిపోయాయి. ఆఖరమ్మ వచ్చి చేరడంతో తరగతి లెక్క బేసి అయింది. ఆమె ఒక్కతే మిగిలింది. అంతలో ఒక అమ్మాయి వేరే శాఖకు మారిపోయింది. దాంతో ఆ అమ్మాయికి జతగా ఉన్న నిచ్చెన కూడా ఒంటరిదైంది. నిచ్చెన అంటే తరగతిలో అందరికన్నా పొడుగు పిల్ల. బోర్డు పైభాగం తుడవాలంటే ఆమెనే పిలిచేవాళ్ళు.

ఆఖరమ్మకు గుండెలో దీపం వెలిగినట్టయింది. అంతకుముందు ఒకసారి మంచినీళ్ళ కుళాయి దగ్గర నిచ్చెన ఆమెతో మాట్లాడింది. "ఇస్త్రీ గదిలో ఉండేది నువ్వేనా? అక్కడ వెచ్చగా ఉంటుందట కదా. అదృష్టవంతురాలివి" అంది. తనను ఒకరు అదృష్టవంతురాలనడం ఆమె అదే మొదటిసారి వినడం. ఆ రాత్రి గోడకు వీపు ఆనించి, నిజంగానే వెచ్చగా ఉందా అని చూసుకుంది. వెచ్చగా లేదు. అయినా బాగుంది.

నిచ్చెనను అడగాలి. ఎలా? తరగతిలో అందరి ముందూ నోరు పెగలదు. హాస్టల్లో ఆమెది ఆరుగురుండే గది, వాళ్ళందరి మధ్యకు వెళ్ళి నిలబడాలంటే కాళ్ళు రావు. ఆలోచించి ఆలోచించి, క్యాంటీన్ అయితే మేలనుకుంది. భోజనం చేస్తూ ఎదురుగా కూర్చున్న మనిషిని ఏదైనా అడగొచ్చు.

ఆ క్యాంటీన్‌లో ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం ఒక్కసారిగా జనం ఎగబడతారు. ముందొచ్చినవాళ్ళు తమవాళ్ళ కోసం కుర్చీ మీద ఏదో ఒకటి వేసి సీటు పడతారు. చేతి తొడుగైనా సరే, పెన్ను మూతైనా సరే. ఒకసారి వస్తువు పడితే ఇక ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోరు. సీనియర్లయినా సరే, పళ్ళెం పట్టుకుని నిలబడే తింటారు తప్ప దాన్ని జరపరు. బల్లలు తుడిచే ఆవిడ కూడా ఆ వస్తువును ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ ఉన్నచోటే ఉన్నట్టే పెట్టేది.

ఆఖరమ్మ ఆ పద్ధతిని దూరం నుంచి చూసి నేర్చుకుంది. సోమవారం అందరికన్నా ముందే వెళ్ళి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఎదుటి కుర్చీ మీద, పిన్ని అల్లిన ఎర్ర స్కార్ఫ్ మడతపెట్టి వేసింది. నిచ్చెన కోసం.

నిచ్చెన వచ్చింది. పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూసింది. కిటికీ వైపు వచ్చింది. స్కార్ఫ్‌ను చూసింది. పక్కనుంచి వెళ్ళిపోయింది.

తొందరలో ఉందేమోనని ఆఖరమ్మ సర్దిచెప్పుకుంది. మంగళవారం కూడా అలాగే స్కార్ఫ్ వేసింది. నిచ్చెన కిటికీ దాకా వచ్చి, ఎర్ర స్కార్ఫ్‌ను చూసి, తలుపు పక్కన ఇరుకుగా ఉన్న బల్లకు పోయింది. చుట్టుపక్కల బల్లల నుంచి "ఇటు! ఇటు! ఒసేయ్ గుడ్డిదానా, ఇక్కడ!" అని చేతులూపుతూ కేకలు వినపడుతూనే ఉన్నాయి. ఆ పద్ధతిలో రెండో సగం అదే. సీటు పట్టాక పిలవాలి. ఆమె మొదటి సగమే నేర్చుకుంది. స్కార్ఫే పిలుస్తుందనుకుందో ఏమో.

బుధవారం నిచ్చెన ఆగింది. పళ్ళెం నడుముకు ఆనించుకుని, స్కార్ఫ్ వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"ఎవరి కోసం ఇది? రోజూ పడతావు, ఒక్కరోజూ వచ్చినట్టు లేదే వాళ్ళు!"

ఆఖరమ్మ మొహమంతా వేడెక్కింది. నీకోసమే అనడానికి రెండు పెదవులు కదిలితే చాలు. కదిలాయి కూడా. "మా ఫ్రెండు... వస్తుంది" అన్నాయి అవి.

"ఓహో! అయితే నీకూ ఉన్నారన్నమాట. పోనీలే" అంది నిచ్చెన. ఆ "పోనీలే"ని ఆఖరమ్మ సాయంత్రం దాకా నమిలింది. అందులో సంతోషం ఉందా, చిన్నబోవడం ఉందా అన్నది తేలలేదు. పిన్ని ఫోను చేస్తే తీయలేదు.

మర్నాడు మెట్ల దగ్గర కొత్త గొడవ. సైరన్‌తో జతగా ఉన్న బొద్దు పిల్ల బుగ్గలు "నావల్ల కాదు బాబోయ్" అని విడిపోయింది. సైరన్ అంటే పేరుకు తగ్గట్టే గొంతున్న పిల్ల. ముందుగా సాధన చేస్తుంటే టేపు వదులుగా పట్టుకుందని తోటలో అందరూ వినేలా బుగ్గల్ని కడిగిపారేసిందట. బుగ్గలు ఏడ్చుకుంటూ నేరుగా నిచ్చెన దగ్గరికి పోయింది. "దానిది నోరా, మైకా? నన్ను నీతో చేర్చుకోవే" అంది. ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని మెట్లు దిగుతుంటే ఆఖరమ్మ గోడకు అంటుకుపోయి దారిచ్చింది.

శుక్రవారం పొద్దున మేడమ్ జతలు అడిగింది. నిచ్చెన లేచి బుగ్గల పేరు చెప్పింది. సైరన్ తప్ప అందరూ చెప్పాక మేడమ్ తలుపు వైపు చూసింది. "నీ సంగతేంటమ్మా?"

"సాయంత్రం చెప్తానండీ" అంది ఆఖరమ్మ. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

తరగతి అయ్యాక వరండాలో నిచ్చెన ఆమెను ఆపింది. "అదేంటి, నీ ఫ్రెండు లేదూ?"

"మన తరగతిలో పిల్ల కాదు."

"మరి ఎవరు?"

వరండా నిండా ఎండుటాకులు. గాలికి గరగరమంటూ ఒక మూల నుంచి ఇంకో మూలకు పోతున్నాయి. ఆఖరమ్మ వాటినే చూస్తూ అంది. "ఎవరూ లేరు. ఆ కుర్చీ నీకోసమే పట్టాను."

"నాకా?"

"ఊఁ."

"ఒసేయ్ పిచ్చిమొహమా! నేను నీ పక్కకి వద్దామనే అటు వచ్చేదాన్ని. ఆ ఎర్రటిది చూసి పోయేదాన్ని. ఒక్క పిలుపు పిలిస్తే నీ సొమ్మేం పోయింది?" కోపంగానే అంది గానీ, చివరికొచ్చేసరికి గొంతు తగ్గింది. "ఇప్పుడు బుగ్గలికి మాటిచ్చేశాను. దాన్ని వదలలేనే."

"వదలొద్దు" అంది ఆఖరమ్మ. ఇంకేదో అనబోయింది. ఇంతలో బుగ్గలు దూరం నుంచి పిలిచింది. నిచ్చెన ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసి, వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఇస్త్రీ గదిలో కూర్చుని ఆమె పిన్నికి ఏం చెప్పాలా అని ఆలోచించింది. మూడేళ్ళు కాదు పిన్నీ, నాలుగు. ఇంకో ఏడాది గోడలతో మాట్లాడుకో. ఆ మాట ఎన్ని రకాలుగా తిప్పినా మెత్తబడలేదు. కాసేపటికి లేచి చెప్పులేసుకుంది. ఇంక మిగిలింది సైరనే.

సైరన్ క్యాంటీన్ మధ్యలో ఒక్కతే టీ తాగుతోంది. నలుగురు కూర్చునే బల్ల అది. మిగతా మూడు కుర్చీలూ ఎవరెవరో లాక్కుపోయారు. బల్ల చుట్టూ ఖాళీ నేల తప్ప కూర్చోవడానికి ఏమీ లేదు. ఆఖరమ్మ ఒక క్షణం అలాగే నిలబడింది. వెనక్కి పోదామా అనిపించింది. పక్క బల్ల దగ్గర అయిదుగురు కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళ దగ్గర ఒక కుర్చీ మీద సంచులున్నాయి.

"ఈ కుర్చీ కావాలండీ" అంది.

వాళ్ళకు వినపడలేదు.

"ఈ కుర్చీ కావాలి!"

కబుర్లు ఆగాయి. సంచులు దిగాయి. ఆమె కుర్చీని కిర్రుమంటూ ఈడ్చుకుని వచ్చి సైరన్ ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"నీకు జత లేదు కదా" అంది.

"ఏం, ఊరంతా దండోరా వేయించమంటావా?" అంది సైరన్.

"నాకూ లేదు."

"తెలుసు. దెయ్యానికి సీటు పట్టే పిల్లవని మా గదిలో నీ గురించే నవ్వుకుంటున్నారు."

ఆ మాట సూదిలా దిగింది. ఆఖరమ్మ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది, లేవలేదు. "గంట కొట్టేలోపు మేడమ్‌కి చెప్పాలి. నాతో వస్తావా?"

సైరన్ టీ గ్లాసు కింద పెట్టి ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నేను అరుస్తాను. ముందే చెప్తున్నా. తర్వాత ముక్కు చీదుకుంటూ కూర్చుంటే కుదరదు."

"అరుచుకో. తలుపెయ్యమని మాత్రం చెప్పకు."

సైరన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్విన నవ్వుకు క్యాంటీన్ మొత్తం ఇటు తిరిగి చూసింది. నవ్వు ఆగాక మళ్ళీ మామూలు మొహం పెట్టేసుకుంది. "లే మరి. గంట కొట్టేస్తారు."

సోమవారం పొద్దున తోటంతా మంచు. చెట్లు సగం బోసిపోయాయి. కింద ఆకులు తడిసి చెప్పులకు అంటుకుంటున్నాయి. రెండు వరసల అవతల నిచ్చెన, బుగ్గలు కొలుస్తున్నారు. మంచులో మనుషులు సరిగా కనబడకపోయినా నవ్వులు మాత్రం వినపడుతున్నాయి. నిచ్చెన ఒకసారి ఇటు చూసి చెయ్యి ఎత్తింది. ఆఖరమ్మా ఎత్తింది. నిచ్చెన మళ్ళీ అటు తిరిగి బుగ్గలు చెప్పేది వింటూ ఉండిపోయింది. ఇటు వింటున్నవాళ్ళెవరూ లేరు. సైరన్ పొద్దుటి నుంచీ తిట్లు తప్ప ఒక్క మాటా మాట్లాడలేదు. మాను అవతలి పక్కన మొదటి కొస పట్టుకుని నిలబడింది. ఆమె చెయ్యి ఒక్కటే కనబడుతోంది, చలికి ఎర్రబడిన వేళ్ళతో.

"అటేం చూస్తావు? అక్కడ చూస్తే ఇక్కడ కొలత వస్తుందా? లాగు!"

ఆఖరమ్మ టేపు బిగించి అంకె చూసి చెప్పింది.

"ఏంటీ?"

మళ్ళీ చెప్పింది.

"నీ నోట్లో నువ్వే చెప్పుకుంటే నేను రాసేదేంటే, నా తలకాయా?"

ఈసారి ఆమె ఊపిరి పీల్చుకుని అరిచింది. పై కొమ్మ మీద పిట్ట ఎగిరిపోయింది. నాలుగు ఆకులు రాలాయి. రెండు వరసల అవతల నవ్వులు ఒక్క క్షణం ఆగాయి.

మాను వెనక నుంచి సైరన్ తల బయటికొచ్చింది. "అబ్బా, అంత అరుపా! నేనేమన్నా చెవిటిదాన్నా?" అని అంకె రాసుకుని, తర్వాతి చెట్టుకు నడిచింది.