నూకరాజు చేసిన సూర స్టేక్

తొమ్మిదేళ్లుగా నేను ఒక ప్రశ్నకి భయపడుతున్నాను. వింటే మీరు నవ్వుతారు. "ఈ ఊళ్లో మంచి స్టేక్ ఎక్కడ దొరుకుతుందండీ?" అంతే. ఎవరైనా ఆ మాట అడగ్గానే నా గొంతు ఎండిపోతుంది.

అడిగేవాళ్లు తక్కువేం కాదు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో నేను వంటవాడిని. పాతికేళ్లు దాటింది. పెళ్లిరోజులనీ ప్రమోషన్లనీ చుట్టాలు, తెలిసినవాళ్లు ఫోన్ చేస్తారు. నేనూ పెద్దమనిషిలా చెబుతాను. సముద్రం చూస్తూ తినాలంటే ఫలానా చోటికి వెళ్లండి, గాలి బాగుంటుంది, ముక్క మాత్రం చెప్పు తోలే. పిల్లలతో అయితే మద్దిలపాలెం వైపు ఒకటుంది, కోడి స్టేక్ మెత్తగా చేస్తారు, సాస్ కాస్త తీపి. పనితనం కావాలంటే మా హోటల్‌కి రండి, నేనుంటాను కదా. ఇదంతా చెప్పి ఫోన్ పెట్టేస్తాను. ఒక్క చోటు గురించి మాత్రం చెప్పను. ఈ ఊళ్లో నేను తిన్నవాటన్నిటిలోకీ మంచి స్టేక్ పెదవాల్తేరులో ఒక మేడ మీద, ఐదు బల్లలున్న గదిలో దొరికేది. ఇప్పుడు లేదు. లేకుండా చేసింది నేను.

రాసేశాను. మిగతాది కూడా చెప్పేస్తాను, మీరు మధ్యలో లేచి వెళ్లకండి.

అతని పేరు నూకరాజు అనుకోండి. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. మా ఇద్దరిదీ జాలరిపేట. మా అమ్మా వాళ్లమ్మా పక్కపక్కనే గంపలు పెట్టుకుని చేపలమ్మేవారు. నాకంటే ఆరేళ్లు చిన్న, నన్ను బావా అని పిలిచేవాడు. హోటల్లో వాడికి పని ఇప్పించింది నేను. కత్తి పట్టడం నేర్పింది నేను. పెనం ఎప్పుడు కాగిందో చూడ్డం చెప్పింది నేను. ఈ 'నేను'లు ఎన్నున్నాయో చూశారా? నా జబ్బంతా అందులోనే ఉంది.

తర్వాత వాడు ఓడ మీద వంటవాడిగా వెళ్లాడు. నాలుగేళ్లు తిరిగొచ్చి, హోటల్లో చేరకుండా ఆ మేడ మీద గది అద్దెకి తీసుకున్నాడు. సూర స్టేక్ పెడతానన్నాడు. నేను పగలబడి నవ్వాను.

సూర అంటే ట్యూనా. పెద్ద హోటళ్లలో ఆ ఇంగ్లీషు పేరుతో పిలిస్తే గౌరవం. మా పేటలో సూరంటే ఉప్పేసి ఎండబెట్టి దాచుకుని, వేటకి పోని రోజుల్లో పులుసు పెట్టుకునే చేప. ఇంటికి అల్లుడొస్తే వంజరం వండుతాం. సూర వండితే ఆ అల్లుడు అలిగి వెళ్లిపోతాడు. అలాంటి చేపని వాడు రెండు వేళ్ల మందాన కోసేవాడు. ఉప్పు, దంచిన మిరియాలు, అంతే. ఇనప పెనం పొగలు కక్కుతుండగా ఇటు అరనిమిషం, అటు అరనిమిషం. పైన గోధుమ రంగు, కోస్తే లోపల లేత ఎరుపు. పక్కన పచ్చిమామిడి, అల్లం నూరిన ముద్ద. మన ఊళ్లో లోపల ఎర్రగా కనిపిస్తే చాలు, ఉడకలేదని ప్లేటు వెనక్కి పంపేస్తారు. పాతికేళ్లుగా అలా వెనక్కొచ్చిన ప్లేట్లు నేనెన్ని చూశానో! వాడికి మాత్రం ఒక్కటీ వెనక్కి రాలేదు. తనే బల్ల దగ్గరికెళ్లి, ఒక్క ముక్క తినండి, నచ్చకపోతే మళ్లీ కాల్చి తెస్తానని చెప్పేవాడట.

జనం మేడమెట్ల మీద నిలబడి ఎదురుచూడ్డం మొదలుపెట్టారు. మా హోటల్‌కి వచ్చినవాళ్లు నన్ను పిలిపించి, "పెదవాల్తేరులో చేసినట్టు చెయ్యగలరా?" అని అడిగేవారు. నన్ను! ఒళ్లు మండిపోయేది. చేస్తామండీ అని లోపలికెళ్లి చేసేవాణ్ని. వచ్చేది కాదు. రహస్యమేమీ లేదు, వాడు నా దగ్గర ఏదీ దాచలేదు. అయినా వచ్చేది కాదు.

అప్పటికీ ఓర్చుకునేవాణ్నేమో. మా పెళ్లిరోజుకి వాడే పిలిచి భోజనం పెట్టాడు. మా ఆవిడ మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. మీకిది చిన్న విషయంలా ఉంటుంది. పదిహేనేళ్లు నా వంట తిన్న మనిషి, "ఉప్పు సరిపోయింది" అన్నమాట తప్ప ఇంకోటి అనని మనిషి, వాడి ముక్క తిని కళ్లు మూసుకుంది. తెరిచాక నా వైపు చూడలేదు. వంటగది వైపు చూసింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు, ఆ తర్వాత కూడా చాలా రోజులు సహించలేదు. నా కుళ్లు నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. దానికి పేరు పెట్టకుండా, ఈ మధ్య అరగడం లేదని మాత్ర వేసుకునేవాణ్ని.

ఎండాకాలం, ఒక ఆదివారం. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పుట్టినరోజు. సాయంత్రానికి పన్నెండు మంది వస్తారు, అందరికీ సూర స్టేకే. అదే రోజు నూకరాజు వాళ్లమ్మ భీమిలి నుంచి వస్తోంది. అప్పటికి ఆవిడ అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. కొడుకు పెట్టిన హోటల్ చూడ్డం అదే మొదలు. నాకు సెలవు. సాయం రమ్మంటే వెళ్లాను. తెల్లవారుజామున హార్బర్‌లో కొన్న సూరని వాడు ముళ్లు తీసి, నాలుగు పొడవాటి కండలు చేసి, పెట్టెలో ఐసు మధ్య పడుకోబెట్టాడు. పసిపిల్లని పడుకోబెట్టినట్టే పెట్టాడు.

"బావా, అమ్మ బస్సెక్కీసిందంట. మద్దిలపాలెం ఎల్లి తెచ్చీసుకుంటాను. ఐసుపెట్టి కాస్త సూత్తుంటావా?" అన్నాడు.

"నువ్వెల్లరా, నానున్నాను కదా" అన్నాను.

వాడు మెట్లు దిగాడు. వాళ్లావిడ కూరగాయలకి అప్పటికే వెళ్లింది, సాయంత్రానికి గానీ రాదు. నేనొక్కణ్నే.

మా పేటలో చేపలమ్మే ఇంట పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఒకటుంది. పచ్చిగా వండే సూరకి ఎండ తగలకూడదు. మిగతా చేపలైతే చెడిపోతే కంపు కొట్టి చెబుతాయి. సూర చెప్పదు. ఎండ తగిలాక మళ్లీ ఐసులో పెడితే వాసన మామూలుగానే ఉంటుంది, తిన్నవాళ్లకి మాత్రం ఒళ్లంతా దురద, మొహం ఎర్రబారడం, వాంతులు. మా అమ్మ గంపలో సూర ఉన్న రోజు తన కొంగు తడిపి దాని మీద కప్పేది, తను ఎండలో కూర్చునేది.

ఆ నాలుగు కండల్నీ పళ్లెంలోకి తీశాను. డాబా మీదికి పట్టుకెళ్లాను. నీళ్ల ట్యాంకు పక్కన సిమెంటు గట్టు మీద పెట్టాను. కిందికి దిగి ఉల్లిపాయలు తరిగాను.

ఏం జరగాలనుకున్నాను నేను? చాలాకాలం నాకు నేను చెప్పుకున్నది ఇది: రుచి కాస్త తగ్గాలి, ఒక్క ప్లేటైనా వెనక్కి రావాలి, వాడి మొహం ఒక్కసారి చిన్నబోతే చూడాలి, అంతకు మించి ఏ పాపమూ ఎరగను. అబద్ధం. తెలియనివాడు చేసిన పని కాదది. తడికొంగు కప్పిన తల్లికి పుట్టినవాడు చేసిన పని. బస్సు ఆలస్యమైంది. ప్రతి పది నిమిషాలకీ ఇక తీసేద్దామనుకుని, ఇంకో ఉల్లిపాయ అందుకున్నాను. మూడు గంటలు గడిచాయి. వీధిలో వాడి గొంతు వినపడ్డాకే పరిగెత్తి తెచ్చి ఐసులో పెట్టాను.

సాయంత్రం వాడు కండ బయటికి తీశాడు. వేలితో నొక్కాడు. దీపం కింద పెట్టి చూశాడు.

"బావా, రంగు కూసింత దిగినట్టు నేదూ?"

"ఐసు ఎక్కువ తగిల్తే అలాగే ఉంటాది. వాసన సూడు."

"వాసనేటీ నేదు గానీ..."

"మరేటి నీ బెంగ? నా మాట మీద నమ్మకం నేదేటి?"

వాడు నవ్వాడు. "నీ మాట కాకపోతే ఎవుల మాట నమ్ముతాను బావా" అని పెనం పొయ్యి మీద పెట్టాడు.

ఒక్క మాట చాలు. 'వద్దురా, వంజరం తెచ్చుకుందాం' అంటే చాలు, హార్బర్ ఎంత దూరం? నోరు పెగల్లేదు అని రాయబోయాను. అదీ అబద్ధమే. నోరు శుభ్రంగా పెగిలింది. బాగుందని చెప్పింది.

మొదటి ముక్క వాళ్లమ్మకి పెట్టాడు. ఆవిడ తిని, నాలిక చురుక్కుమంటోందిరా, మిరియం ఎక్కువేశావా అంది. తర్వాత అతిథులకి. అరగంట కాలేదు. పెద్దాయన మెడ ఎర్రబడింది. ఆయన భార్య చేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. ఒకరి తర్వాత ఒకరు. ఎవరో వాంతి చేసుకున్నారు, ఎవరో అరిచారు, ఎవరో ఫోన్ తీసి ఆ ఎర్రటి మొహాలన్నీ పట్టారు. అందర్నీ ఆసుపత్రికి తరలించాం. నూకరాజు వాళ్లమ్మని ఆటోలో తీసుకెళ్లింది నేనే. దారి పొడుగునా ఆవిడ తల పట్టుకున్నాను. వాచిన పెదాలతో ఆవిడ, "ఎండ తగిలిన సూర ఇది, నాకు తెల్దేటి" అంది. తర్వాత నా చెయ్యి నిమిరి, "నువ్వున్నావు గనక సరిపోనాది నాయనా" అంది.

మర్నాటికి అందరూ ఇళ్లకి చేరారు. ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు. ఆ మాట చెప్పుకుని నేను ఎన్నిసార్లు నిద్రపోయానో. ఆ ఫోన్‌లో పట్టిన బొమ్మ మాత్రం ఊరంతా తిరిగింది. మెట్ల మీద ఎవరూ నిలబడలేదు. నెల తిరక్కుండా నూకరాజు గది ఖాళీ చేశాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దాచేస్తే ఈ రాతకి అర్థం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు నాకు ఆకలేసింది. ఎన్నో రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను, మారు వడ్డించుకున్నాను. మా ఆవిడ నా పళ్లెం చూసి, అరుగుదల బాగుపడిందే అంది.

రెండు నెలల కిందట మా ఆవిడ వైపు చుట్టాల పెళ్లికి భీమిలి వెళ్లాం. పొద్దుటి పూట బీచ్ దగ్గర రేకుల కప్పు కింద ఎవరో చేపలు వేయిస్తున్నారు. వాసనకే మా ఆవిడ ఆగింది. "బావా!" అని అరుపు. జుట్టు నెరిసింది గానీ వాడే. గబగబా బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. వాళ్లమ్మ పోయి మూడేళ్లయిందన్నాడు. పెనం మీద వంజరం ముక్కలు, పళ్లెంలో రొయ్యలు. నేను నోరు మూసుకుని తిని వచ్చేయొచ్చు కదా?

"సూర సెయ్యట్లేదేటిరా?" అని అడిగాను.

"సూర ముట్టను బావా." వాడు అట్లకాడతో ముక్కలు తిప్పుతూనే ఉన్నాడు. "ఆ రోజు రంగు సూడగానే నా కంటికి తెలిసిపోనాది. తెలిసీ పెట్టీసినాను. మా అమ్మకీ పెట్టీసినాను. అప్పట్నుంచి నా కన్ను మీద నాకే నమ్మకం నేదు. ఇప్పుడు ఏ సేప తెచ్చినా మా ఇంటిది సూసి సరే అంటేనే పొయ్యి మీద ఎక్కించడం."

నేను తల దించుకున్నాను. వాడికది జాలిలా కనిపించినట్టుంది.

"నువ్వు బాగుందన్నావని నీకూ బాధేమో. అది నీ తప్పు కాదు బావా. సేప నాది" అన్నాడు.

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. వాడు పెట్టిన ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఓరి దేవుడా, ఎంత బాగుందో! కన్ను మీద నమ్మకం పోయినవాడు, రేకుల కింద, మామూలు పెనం మీద, నాకు ఈ జన్మలో రానిది మళ్లీ చేసి పెట్టాడు. పక్కన మా ఆవిడ కళ్లు మూసుకుంది. మీరు నమ్మరు, నీ తప్పు కాదన్న మాట విన్న నిమిషంలోనే, ఆ బల్ల దగ్గరే, నాకు మళ్లీ కన్నుకుట్టింది. పశ్చాత్తాపం అసూయని కడిగేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండూ ఒకే కడుపులో పక్కపక్కనే కూర్చుంటాయి.

ఇది చదివి నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సినవాడికి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు, వస్తుందని మాటివ్వలేను.

నిన్న మా వీధిలో ఒకావిడ ఆపి అడిగింది, కొడుక్కి ఉద్యోగమొచ్చిందట, మంచి స్టేక్ ఎక్కడ తినాలని. ఎప్పుడూ చెప్పే మూడు పేర్లూ నోటిదాకా వచ్చాయి. మింగేసి, భీమిలిలో ఒకతనున్నాడమ్మా, ఈ చుట్టుపక్కల అతన్ని మించిన చెయ్యి లేదు, కానీ స్టేక్ చెయ్యడు అన్నాను. ఎందుకు చెయ్యడండీ అని అడిగింది. పనుందని వచ్చేశాను. ఆవిడకి ఇవ్వని జవాబే ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే తొమ్మిదేళ్లలో మొదటిసారి గొంతు తడిగా ఉంది.

చేప మంచిదే. నూకరాజు కన్ను తప్పలేదు. ఎండలో పెట్టింది నేను.