చెప్పొద్దని నేనే చెప్పిన శుభాకాంక్షలు

మేడ్చల్‌లో సర్కారు బడిలో తెలుగు టీచర్‌గా ఉన్న రోజుల్లో, ఏ పండుగకు ఎవరికి ఏమని చెప్పాలో తేల్చే పెద్దరికం నాదే. ఎవరూ నాకు కట్టబెట్టలేదు, నేనే నెత్తికెత్తుకున్నాను. తొంభైల చివర్లో మా స్టాఫ్‌రూమ్‌లో పదకొండు మందిమి. లెక్కల సార్ ముస్లిం, సైన్స్ టీచర్ క్రైస్తవురాలు, మిగతావాళ్లం హిందువులం. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని గ్రీటింగ్ కార్డులన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. రంజాన్‌కు ఏం రాయాలి, క్రిస్మస్‌కు ఏం రాయాలి, అందరికీ పంచే న్యూ ఇయర్ కార్డు మీద దేవుడి బొమ్మ ఉండొచ్చా, అన్నీ నన్ను అడిగాకే. నేనూ ఏదో జడ్జిలాగా తీర్పులిచ్చేదాన్ని.

ఆ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో లెక్కల సార్‌కు ‘హ్యాపీ మొహర్రం’ అని రాసి కార్డిచ్చాను. మా శామీర్‌పేట వైపు పీర్ల పండుగ అంటే పండుగే మరి. చిన్నప్పుడు మా అవ్వ పీర్లకు ఎండుకొబ్బరి కుడకలు కట్టి మొక్కేది, మేం గుండం చుట్టూ ఎగిరి, బెల్లం షర్బత్ తాగి ఇంటికొచ్చేవాళ్లం. అది ఎవరి దుఃఖమో మాకెవరు చెప్పారు? సార్ కార్డు చదివి, నవ్వి, జేబులో పెట్టుకున్నారు. నలుగురూ వెళ్లిపోయాక ఆ రోజు ఎవరు చనిపోయారో, ఎలా చనిపోయారో నెమ్మదిగా చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. దుఃఖం ఉన్నచోట శుభాకాంక్షలు నోటికి రానివ్వకూడదని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను.

సైన్స్ టీచర్ నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. మేడ్చల్‌లోనే సొంతిల్లు. ప్రతి క్రిస్మస్ మధ్యాహ్నం స్టాఫంతా అక్కడే. గులాబీ పువ్వులు, కేకు, సార్ కూడా తినాలని హలాల్ కొట్టు నుంచి తెప్పించిన మాంసంతో బిర్యానీ. వాకిట్లో ఆమె భర్త నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ చెయ్యి కలిపి హ్యాపీ క్రిస్మస్ చెప్పేవాడు. అంత గట్టిగా చెప్పేవాడు కాబట్టి పక్కింటివాళ్లకు కూడా వేరే చెప్పే పని ఉండేది కాదు.

ఒక ఏడాది దసరా సెలవులయ్యాక ఆయన గుండెపోటుతో పోయాడు. పొద్దున టిఫిన్ తిని కంపెనీ బస్సెక్కిన మనిషి, సాయంత్రానికి శవమై ఇంటికొచ్చాడు. నెల తర్వాత అక్క బడికి వచ్చింది. పాఠాలు చెప్పింది, పేపర్లు దిద్దింది, ఎవరి దగ్గరా కన్నీళ్లు పెట్టుకోలేదు. నవ్వడం మాత్రం మానేసింది.

డిసెంబర్ వచ్చింది. మా ఇళ్లల్లో మనిషి పోయిన ఏడాది పండుగ ఉండదు. పొయ్యి మీద మూకుడు పెట్టరు, చుట్టుపక్కల వాళ్లు పండుగ మాట ఎత్తరు. ఎందుకైనా మంచిదని ఇంట్లో అత్తమ్మనడిగాను. మామయ్య పోయి పన్నెండేళ్లయింది, ఇలాంటి విషయాల్లో ఆమె మాటకు తిరుగులేదు. సావైన ఇంట్ల పండుగేందే, నోరెత్తకుండ్రి అంది. ఇంకేముంది, మర్నాడే స్టాఫ్‌రూమ్‌లో తీర్పు చెప్పాను. ఈ ఏడు కార్డు రాయొద్దు, హ్యాపీ క్రిస్మస్ అనొద్దు, ఇంటికి వెళ్లొద్దు. లెక్కల సార్ ఒక్కరే తల గోక్కుని, ఆమెనే ఓసారి అడిగితే పోదా అన్నారు. ఇవి అడిగే విషయాలా, పుండు మీద కారం చల్లినట్టు ఉండదా అని నేను కసురుకున్నాను. మొహర్రం కార్డు సంగతి ఆయనే మర్చిపోయినట్టున్నారు, నేను మర్చిపోలేదు అనుకున్నాను లోపల. అందరూ సరే అన్నారు.

క్రిస్మస్ ముందు రోజు బడి వదిలాక అక్క గేటు దగ్గర నిలబడింది. ఒక్కొక్కరూ వస్తం టీచర్ అని తల వంచుకుని వెళ్లిపోయారు. చివర నేను.

“రేపు సెలవు గదా, చెల్లె” అంది.

“అవునక్కా, మంచిగ రెస్ట్ తీసుకో” అన్నాను.

శామీర్‌పేట ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చుని, ఎంత సుతారంగా సంభాళించానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. తగుదునమ్మా అని అన్నింట్లో వేలు పెట్టేవాళ్లకు ఆ సంబరం బాగానే ఉంటుంది.

మర్నాడు మూడు గంటలకు ఇంటికి ఫోన్ వచ్చింది. లెక్కల సార్. వాళ్లిల్లు అక్క వాళ్లింటికి రెండు గల్లీల అవతల. ఆ ఏడు క్రిస్మస్ రంజాన్ నెలలో పడింది, ఆయన రోజా ఉన్నారు. అక్కడికి వెళ్లి తినేది తాగేది ఏమీ లేదు. అయినా మనసాగక, ఒకసారి చూసొద్దామని వెళ్లారట.

“ఆమె మన అందరికీ వండింది టీచర్. ఇందాకటి దాంక దర్వాజ తెరిచి పెట్టుకోని కూసున్నది. మొగడు పోయినోళ్ల ఇంటికి పండుగకు మీరు రారా సార్ అని నన్నడిగింది. నేనేం జవాబియ్యాలె?”

మేం ఆమె బాధ పెంచకూడదనే కదా అన్నాను. అది నాకు తెలుసు, ఆమెకెలా తెలుస్తుంది అన్నారాయన. ఫోన్ పెట్టేశాక నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. అక్క అనుకున్నది అబద్ధమని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలనా? ఆమె దుఃఖం గురించే ఆలోచించానా, లేక మొగుడు పోయిన మనిషి ఇంటికి పండుగపూట వెళ్లకపోతే ఏం పోయింది అనే మాట కూడా నాలో ఏ మూలో ఉందా? ఉంది. లేదని ఇప్పుడూ చెప్పలేను.

ఫోన్లున్న వాళ్లందరికీ చేశాను. మా ఆయన్ను స్కూటర్ తీయమన్నాను. నాలుగున్నరకల్లా అక్క ఇంటి ముందు ఏడుగురం పోగయ్యాం. ముందు ఎవరు వెళ్లాలో తేలక ఒకరినొకరు నెట్టుకున్నాం. ఊరందరికీ మాటలు ఏర్చి కూర్చి ఇచ్చిన నాకు ఆ పూట ఒక్క మాట దొరకలేదు. క్షమించు అనాలా, ఎలా ఉన్నావనాలా? తలుపు దగ్గరికి అక్కే వచ్చింది. చర్చికి కట్టుకున్న లేత నీలం చీర, పక్కనే కిటికీకి కాగితం నక్షత్రం.

“హ్యాపీ క్రిస్మస్ అక్కా” అన్నాను.

ఆమె మా అందర్నీ ఒక్కొక్కరిగా చూసింది.

“ఆయన పోయిండు చెల్లె. ఆయన పోయిండని యేసయ్య పుట్టుడు బందు వెడ్తడా?”

అప్పుడు ఏడ్చింది. నా భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, రెస్ట్ తీసుకో అంటవా అని నా వీపు మీద ఒక్కటిచ్చింది. రెండు నెలల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూశాను. సార్ రోజా విడిచేదాకా ఆగి, బిర్యానీ మళ్లీ వేడి చేసుకుని, అందరం కింద కూర్చుని తిన్నాం. భర్త ముచ్చట్లు ఆమే తీసింది, ఆమే నవ్వింది. అంత కడుపు నిండిన భోజనం నేను తక్కువసార్లు చేశాను.

వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“సంక్రాంతికి మీ ఇంట్ల నోములకు ఇగ నన్ను పిలుస్తవా? సూటిగ జెప్పు.”

మా నోములకు ముత్తైదువలనే పిలుస్తాం. గౌరమ్మ ముందు పెట్టిన స్టీలు గిన్నెలు, పసుపు కుంకుమలు తలా ఒకరికి ఇస్తాం. అక్క బొట్టు పెట్టించుకోదు, పూజలో పెట్టింది తీసుకోదు. అందుకని ప్రతి ఏడూ ఆమె గిన్నె విడిగా తీసి పెట్టేదాన్ని. ఆమె వచ్చేది ముచ్చట్ల కోసం. నిజం చెప్పాలంటే, ఈసారి పిలవాల్సిన వాళ్ల లెక్కలోంచి ఆమెను నేను అప్పటికే తీసేశాను. పిలుస్త అన్నాను. అన్నానే గానీ తిరిగి వస్తుంటే స్కూటర్ మీద నాకు దడ పట్టుకుంది. ఇంట్లో అత్తమ్మ ఉందిగా. నోముల రోజు ఆమె వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటుంది, ఆడవాళ్లంతా వెళ్లాకే బయటికొస్తుంది. మేమెవరం వెళ్లమని చెప్పలేదు. వెళ్లొద్దనీ చెప్పలేదు.

నోముల నాడు అక్క వచ్చింది. చాప మీద కూర్చున్న ఆడవాళ్లు కొందరు మాట ఆపేశారు. నేను విడిగా పెట్టిన గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టి, అందరికీ వినపడేలా సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పాను. అప్పుడే వెనక గది తలుపు తెరుచుకుంది. అయిపోయింది నా పని అనుకున్నాను. అత్తమ్మ మెల్లగా నడిచి వచ్చి, అక్క పక్కన కూర్చుని, ఆమె చేతిలోని గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది. గౌరమ్మ కాడ పెట్టింది కాదు గదా ఇది అని అడిగింది. కాదత్తమ్మా అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని నా వైపు చెయ్యి చాచింది.

“అయితే నాగ్గూడ ఒకటియ్యి.”