ఉమాశ్రీ ఇచ్చిన ఐదు నక్షత్రాలు

మాదాపూర్‌లోని ఆఫీసు నుంచి నల్లగండ్లలోని ఇంటికి ఉమాశ్రీ ఎక్కిన ప్రతి క్యాబ్ డ్రైవరుకూ ఐదు నక్షత్రాలే దక్కేవి. దారి తప్పినవాడికీ ఐదే, దారి పొడుగునా ఫోనులో అరిచినవాడికీ ఐదే. "మేడమ్, జర ఫైవ్ స్టార్ కొట్టుండ్రి. ఒక్కటి తగ్గినా రేపు గిరాకీ రాదు" అని స్వామి అనే డ్రైవరు ఒకనాడు బతిమాలిన దగ్గర్నుంచి, ఒకరి నోటి దగ్గరి కూడు తన వేలితో తీయకూడదని ఆమె నియమం పెట్టుకుంది. చిత్రమేమిటంటే, ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. అక్కడ ఆవగింజంత లోపం కూడా ఆమె కన్నుగప్పి దాటేది కాదు.

వానాకాలంలో ఆమె కూతురు, అయిదేళ్ల రసజ్ఞకు డెంగీ సోకింది. రోజుల తరబడి కాగిన ఒళ్లు ఒక్కసారిగా చల్లబడింది. గండం గడిచిందన్నారు ఇంట్లోవాళ్లు. తల్లి మనసు ఒప్పలేదు. పాపను ఎత్తుకుని పెద్ద ఆసుపత్రిలోని పిల్లల అత్యవసర విభాగానికి పరుగెత్తింది. అక్కడ ఆదర్శ్ అనే యువ వైద్యుడు, ఇంకా శిక్షణలో ఉన్నవాడు, కంప్యూటరు తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఏంటమ్మా ప్రాబ్లమ్?"

"జ్వరం తగ్గిందండీ. కానీ చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. మత్తుగా పడుంటోంది. ఇది నా పిల్లలా లేదండీ."

"జ్వరం తగ్గితే సంతోషించాలి కదమ్మా! గూగుల్ చదివొచ్చారా? బ్లడ్ రిపోర్టు పర్లేదు, ఇంటికి తీసుకెళ్లండి."

పక్కనున్న నర్సు నవ్వింది. మర్యాదకు ఉమాశ్రీ కూడా నవ్వింది.

వెళ్లేముందు అతనే స్వయంగా ఒక ట్యాబ్ ఆమె ముందుకు చాచాడు. 'ఈ డాక్టరు మీ మాట విన్నారా?' అన్న ప్రశ్న, కింద ఐదు నక్షత్రాలు. శిక్షణలో ఉన్న వైద్యులు మనుషులతో ఎలా మెలుగుతున్నారో పిల్లల తల్లిదండ్రులనే అడగాలని ఆసుపత్రి పెట్టిన పద్ధతి అది. ఉద్దేశం మంచిదే. నిద్రలేక అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఎవరు కన్నబిడ్డో, అనుకుందామె. పైగా రేపు మళ్లీ రావలసివస్తే పాపను పెట్టవలసింది ఈ చేతుల్లోనే. ఐదూ నొక్కింది.

మర్నాడు తెల్లవారుతూనే పాపను మళ్లీ అక్కడికే తెచ్చారు. డెంగీలో జ్వరం దిగాకే అసలు గండమట; రక్తపోటు పడిపోయింది. మధ్యాహ్నానికి రసజ్ఞ లేదు.

నెల తిరిగాక ఉమాశ్రీ వెళ్లి ఆ విభాగం పెద్ద, డాక్టర్ జ్ఞానప్రకాశం ఎదుట కూర్చుంది. "నా మాట వినలేదండీ" అంది. ఆయన నొచ్చుకుంటూనే తెర ఆమె వైపు తిప్పాడు.

"విన్నారని మీరే ఐదు ఇచ్చారు కదమ్మా. తల్లిదండ్రులంతా అతనికి ఐదే ఇచ్చారు. కిందటి నెల మెచ్చుకుని బహుమతి కూడా ఇచ్చాం."

బిడ్డ వాళ్ల చేతుల్లో ఉండగా ఏ తల్లి ఒకటి నొక్కుతుంది? కొరడా పట్టినవాడి ఎదుటే గుర్రాన్ని సాక్ష్యం అడగడం ఎక్కడి న్యాయం? ఇన్ని చదువులు చదివినవారికి ఈ చిన్న సంగతి తట్టకపోవడాన్ని అమాయకత్వం అందామా?

"ఆ ఐదూ తీసేయండి."

"సిస్టమ్ ఒప్పుకోదమ్మా."

"సిస్టమ్‌ల సంగతి నాకు చెప్పకండి. నేను తినేది ఆ తిండే. అతన్ని పిలవండి, మొహం మీదే చెప్తాను."

ఆదర్శ్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె చెప్పవలసింది చెప్పింది.

"అందరూ ఐదే ఇచ్చారు మేడమ్. బాగానే వింటున్నాననుకున్నా" అన్నాడతను. తరవాత కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. "ఆ రోజు చెప్పింది మళ్లీ చెప్తారా?"

చేతులు మంచుముక్కల్లా ఉన్నాయని, మత్తుగా పడుంటోందని, ఇది నా పిల్లలా లేదని ఆమె చెప్పింది. అతను కళ్లు తిప్పకుండా విన్నాడు.

"పొద్దున్నుంచి ఒంటేలు పోసిందా, అమ్మా?"

ఒంట్లో రక్తప్రసరణ పడిపోతోందేమో పట్టిచ్చే ప్రశ్న; ఆనాడు ఎవరూ అడగనిది.

"లేదు" అంది ఉమాశ్రీ. "ఒక్కసారి కూడా లేదు."

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. జ్ఞానప్రకాశం లేచి, ఆ తెర ఆర్పేశాడు.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలో డాక్టర్లు ట్యాబ్ చాచరు. పిల్లలు కోలుకుని ఇల్లు చేరాక తల్లిదండ్రులకు బయటివారు ఫోను చేస్తారు. శనివారాల్లో ఆ ఫోన్లు చేసేది ఉమాశ్రీ. నక్షత్రాల ఊసెత్తదు. అవతలివారు మొహమాటంతో "అంతా బానే చూశారండీ" అనగానే, ప్రతిసారీ అదే మాట అంటుంది:

"మీ పాప ఇంటికొచ్చేసింది కదండీ. ఇంక భయం లేదు. ఇప్పుడు చెప్పండి."